మెయిన్ ఆపినా మెరిసిన మీటర్

మా ఇంటి వాడకం నెలకి 140 యూనిట్ల దగ్గర ఆడుతూ ఉండేది. ఎండాకాలం కాస్త ఎక్కువ, ముసురు రోజుల్లో కాస్త తక్కువ. స్మార్ట్ మీటర్ పెట్టాక వచ్చిన మొదటి నిండు నెల బిల్లు 300 యూనిట్లు. ఇంట్లో ఏసీ లేదు, గీజర్ లేదు, కొత్తగా కొన్న వస్తువూ లేదు. ఉండేది నేను, అత్తయ్య, ఇద్దరు పిల్లలు. మా ఆయన కువైట్‌లో ఉంటారు.

మన ఆంధ్రప్రదేశ్ కరెంటు శ్లాబులు తెలిసినవాళ్లకి ఈ దెబ్బ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. మొదటి 30 యూనిట్లకి 1.90, ఆ పైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, అక్కడి నుంచి 400 దాకా 8.75. లెక్క వేసి చూడండి. 140 యూనిట్లకి ఎనర్జీ చార్జీ 507 రూపాయలు. 300 యూనిట్లకి 1,673. వాడకం రెట్టింపైతే డబ్బు మూడింతలు దాటిపోయింది. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం.

వీధిలో ఎవరినడిగినా ఒకటే మాట. "స్మార్ట్ మీటర్ కదండీ, అది పరిగెడతాది." అప్పటికే మా వైపు షాపులకీ ఆఫీసులకీ పెట్టేస్తున్నారు. ఇళ్లకైతే వాడకందార్లు ఒప్పుకుంటేనే పెడతామని ఇంధన శాఖ మంత్రి గొట్టిపాటి రవికుమార్ 2025లో ప్రకటించారు. మా దగ్గర ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అనే ప్రశ్నే రాలేదు. వరండాలో ఉన్న పాత చక్రం మీటర్ వాన జల్లుకి తడిసి మాడిపోయింది. స్టాకులో ఉన్నది ఇదేనన్నారు. పిల్లల్ని పెట్టుకుని దోమల్లో ఎన్ని రాత్రులు కూర్చుంటాం? సరేనన్నాం.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. కోనసీమలో ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. మావయ్య గారి నాన్నగారు కట్టించిన మండువా పెంకుటిల్లు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మండువా మధ్యలో గోడ లేచింది. తూర్పు వాటా మాది, పడమటి వాటా చిన్నమావయ్య గారిది. వంటిళ్లు వేరయ్యాయి, నుయ్యి ఉమ్మడిగా ఉండిపోయింది. మీటర్లు రెండూ వరండా గోడకి పక్కపక్కనే. వాళ్లది ఎప్పుడో మార్చిన ఎలక్ట్రానిక్ మీటర్.

బిల్లు పట్టుకుని కరెంటాఫీసుకి వెళ్తే కౌంటర్‌లో ఆయన తలెత్తకుండానే చెప్పేశాడు. "ల్యాబ్‌లో టెస్టయి వచ్చిన మీటరమ్మా. తప్పు తిరగదు. పాతది స్లోగా తిరిగుంటుంది." పాతది స్లో అయితే కావచ్చు, పదో పాతికో యూనిట్ల తేడా ఉండొచ్చు. రాత్రికి రాత్రి రెట్టింపవుతుందా? మా ఆయన అక్కడి నుంచే వెతికి ఒక నిబంధన వాట్సాప్‌లో పంపారు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్ని కేంద్రం 2024 ఫిబ్రవరిలో సవరించింది. మీటర్ రీడింగ్ మన వాడకానికి తగ్గట్టు లేదని ఫిర్యాదు చేస్తే, ఐదు రోజుల్లోగా పక్కన ఇంకో మీటర్ పెట్టాలి, కనీసం మూడు నెలలు రెండింటినీ సరిచూడాలి. ఆ పేజీ ప్రింటు తీయించి దరఖాస్తుకి పిన్ను కొట్టి ఇచ్చాను. ఆ కాగితం చూశాక కుర్చీ వేశారు. నిబంధనలో ఐదు రోజులని ఉన్నా ఆ రెండో మీటర్, అదే చెక్ మీటర్, మాత్రం దసరా సెలవులు అయ్యాక వచ్చింది.

వచ్చిన లైన్‌మన్ మంచివాడే. బిగిస్తూ బిగిస్తూ ఓ సలహా చెప్పాడు. "మోటరు, వాషింగ్ మెషీన్ ఎండపొద్దున వేసుకోండమ్మా. ముందు ముందు గంటని బట్టి రేటంట."

ఆ మాటా గాలిది కాదు. 2023 జూన్‌లో సవరించిన నిబంధనల్లోనే ఉంది. ఎండ ఉండే ఎనిమిది గంటలు మామూలు రేటు కన్నా కనీసం 20 శాతం తక్కువ. వాడకం బాగా ఎక్కువుండే పీక్ గంటల్లో ఇళ్లకి కనీసం 10 శాతం, వ్యాపారాలకీ పరిశ్రమలకీ కనీసం 20 శాతం ఎక్కువ. ఏ గంట ఎందులోకి వస్తుందో తేల్చేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. 10 కిలోవాట్లు దాటిన వ్యాపారాలకి 2024 ఏప్రిల్ 1, వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1 అని తేదీలు కూడా వేశారు. మా ఇంటి బిల్లు మీద మాత్రం ఇప్పటికీ పాత శ్లాబులే పడుతున్నాయి. ఈ గంటల రేటు ఎందుకు తెచ్చారంటే, మధ్యాహ్నం సోలార్ కరెంట్ దండిగా ఉంటుంది, పొద్దుగూకితే అది సున్నా. సరిగ్గా అప్పుడే ఊరంతా ఫ్యాన్లు, టీవీలు, వంటిళ్లు. ఆ గంటల్లో కరెంట్ కొని అమ్మే ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర పరిమితి దాకా, అంటే 10 రూపాయల దాకా పోతుంటుంది. కేజీ బేసిన్ గ్యాస్ తగ్గిపోయాక మా గోదావరి జిల్లాల్లో గ్యాస్ ప్లాంట్లు చాలావరకు మూలనపడ్డాయి. లేకపోతే సాయంత్రం లోటు పూడ్చడానికి అవే అక్కరకొచ్చేవి. సరే, అది వేరే బాధ.

చెక్ మీటర్ మీద పెద్ద ఆశే పెట్టుకున్నాను. మొదటి నెల తిరిగేసరికి రెండు మీటర్లూ ఒకే మాట చెప్పాయి. ఒకటి రెండు యూనిట్లు కూడా తేడా లేదు. "చూశారా మేడమ్" అన్నారు ఆఫీసులో. మూడు నెలలూ అయ్యాక రాతపూర్వకంగా కూడా అదే ఇచ్చారు, మీటర్ సక్రమంగా ఉన్నదని. ఆ తర్వాత తెలిసింది, ఆ కాగితంలో ఉన్నది అక్షరాలా నిజమే. బిల్లు మాత్రం అప్పటికీ తప్పే.

దారి చూపించింది స్మార్ట్ మీటర్ యాప్‌లో వాడకం గీత. స్మార్ట్ మీటర్ అరగంటకోసారి లెక్క రాసుకుంటుంది, దాన్ని సిమ్ ద్వారానో పక్క మీటర్ల ద్వారానో సర్వర్‌కి పంపుతుంది. కొబ్బరితోటల మధ్య మా ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి ఒక్కోసారి గీత రాదు, ఆనక రెండు రోజులదీ కలిపి ఒకేసారి వస్తుంది. ఓటీపీ చెబితే మా ఆయన కూడా ఆ యాప్ తన ఫోన్‌లో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఓ రాత్రి ఫోన్. "ఏంటి, రాత్రి తొమ్మిదిన్నర నుంచి తెల్లారి ఐదు దాకా మనింట్లో ఏం ఆడుతోంది?"

ఇక్కడో మాట చెప్పుకోవాలి. మొగుడు పరాయి దేశంలో కూర్చుని ఇంట్లో ఎప్పుడు లైటు వెలిగింది, ఎప్పుడు ఆరింది అని చూడగలగడం నాకేమీ ముచ్చటగా అనిపించలేదు. ఆయన మంచివారు, సరే. అందరూ అలాగే ఉంటారా? అరగంట గీత చాలు, ఇంట్లో మనుషులున్నారో లేదో చెప్పడానికి. ఈ లెక్క ఎవరెవరి కంటపడుతుందో అడగకుండా మీటర్ ఫాస్టా స్లోనా అని మాత్రమే కొట్టుకుంటున్నాం.

గీత మాత్రం విచిత్రంగా ఉంది. ఫ్రిజ్, మూడు ఫ్యాన్లకి రావాల్సినదానికి మూడింతలకి పైన, రాత్రంతా పీఠం వేసినట్టు నిలబడి ఉంది. తెల్లారి ఐదుకి ధబీమని పడిపోతోంది. అలాంటిది నడిపే వస్తువు మా ఇంట్లో లేదు. పడమటి వాటాలో ఉంది. మరిది పెళ్లయ్యాక వాళ్ల గదిలో ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టారు. కొత్తగా పెళ్లయినవాళ్ల గదిలో ఏసీ ఎప్పుడు పడుతుందో ఎప్పుడు ఆరుతుందో మా మీటర్ గీత చూసి చెప్పగలగడం ఎంత ఇబ్బందో! తోటికోడలితో ఎలా అనను? అత్తయ్యకి చెబితే "నోరు మూసుకో" అన్నారు. అన్నవరం సత్యనారాయణ వ్రతానికి వాళ్లింటిల్లిపాదీ వెళ్లి ఆ రాత్రి అక్కడే ఉండిపోయారు. ఆ రాత్రి గీత నేలకి అంటుకుపోయింది. ఇంక అనుమానం లేదు.

వాళ్లు తిరిగొచ్చాక, పిల్లలు పడుకున్నాక, వరండాలోకి వెళ్లి మా మెయిన్ స్విచ్, అదే ఎంసీబీ, దించేశాను. ఇల్లంతా చీకటి. అత్తయ్య టార్చి పట్టుకున్నారు. మీటర్ మీద చిన్న ఎర్ర లైటుంటుంది. మా మీటర్ మీద 3200 అని రాసి ఉంది, అంటే అది అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్. మా ఇంట్లో ఒక్క బల్బు వెలగడం లేదు. ఆ లైటు మాత్రం ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపే ఒకసారి మెరుస్తోంది. డిస్‌ప్లే మూలన ఎర్త్ గుర్తు కూడా ఉంది. "దెయ్యమేమోనే" అన్నారు అత్తయ్య, నవ్వకుండానే.

మర్నాడు ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. రొయ్యల చెరువుల మీద నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ మోటార్లు చూసే మనిషి, అందుకని టాంగ్ టెస్టర్ ఎప్పుడూ బండి డిక్కీలోనే ఉంటుంది. వైరు కొయ్యక్కర్లేదు, చుట్టూ పట్టుకారులా వేస్తే అందులో ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూపించేస్తుంది. రాత్రి ఏసీ నడుస్తుండగా రమ్మన్నాను. ముందు మా మెయిన్ ఎత్తి, మా మీటర్ దగ్గర ఎర్ర వైరుకి, అంటే కరెంట్ ఇంట్లోకి వచ్చే ఫేజుకి వేశాడు. 1.1. నల్ల వైరుకి, అంటే కరెంట్ తిరిగెళ్లే న్యూట్రల్‌కి వేశాడు. 4.3. ఏమీ మాట్లాడకుండా పక్క మీటర్‌కి వెళ్లాడు. చిన్నమావయ్య గారి ఫేజు 5.4, న్యూట్రల్ 2.2. అక్కడున్న పాత పంచాంగం అట్ట మీద నాలుగు అంకెలూ రాసి నాకు చూపించాడు. "రెండు ఫేజులూ కలపండమ్మా. ఆరున్నర. రెండు న్యూట్రళ్లూ కలపండి. ఆరున్నర. మీ ఇద్దరి న్యూట్రలూ లోపల ఎక్కడో కలిసిపోయిందండి."

రెండు చేల బోదెలు ఒకచోట కలిపేస్తే ఎవరి నీరు ఏ తూములోంచి వెళ్లిందో ఎవరు చెప్పగలరు? ఇదీ అంతే. వాళ్ల ఫేజులోంచి వెళ్లిన కరెంట్ తిరిగొచ్చేటప్పుడు సులువైన దారి చూసుకుని సగానికి పైగా మా న్యూట్రల్‌లోంచి వస్తోంది. పాత చక్రం మీటర్ ఫేజులో పోయే కరెంట్‌నే కొలిచేది కాబట్టి ఇన్నేళ్లూ బయటపడలేదు. ఇప్పటి మీటర్లు ఫేజునీ న్యూట్రల్‌నీ రెండింటినీ కొలుస్తాయి. తేడా వస్తే ఏది ఎక్కువో దాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. న్యూట్రల్ బదులు భూమిలోకి వదిలి మీటర్‌ని మోసం చేసేవాళ్లని పట్టుకోడానికి ఆ ఏర్పాటు. ఎంసీబీ సింగిల్ పోల్‌ది, ఫేజుని మాత్రమే ఆపుతుంది. అందుకే మెయిన్ దించినా లైటు మెరిసింది. చెక్ మీటర్ కూడా అదే వైర్ల మీద కూర్చుని అదే కొలిచింది. రెండూ ఒకే మాట చెప్పక ఏం చేస్తాయి?

అసలు గొడవ ఇంట్లో. చిన్నమావయ్య గారు పెద్దమనిషి, కోపం రాదు, కానీ మనసులో పెట్టుకుంటారు. "మా బిల్లు మేం కట్టుకుంటున్నాం కదమ్మా. మా ఏసీ మీ మీటర్లో తిరగడమేంటి?" చిన్నత్తయ్య అంత నెమ్మదిగా అడగలేదు. "దొంగ కరెంటు వాడుతున్నామనా నీ ఉద్దేశం?" నిజానికి వాళ్ల ఫేజు వాళ్ల మీటర్లో పూర్తిగానే పడుతోంది. ఏసీ యూనిట్‌కి వాళ్లు ఒకసారి కట్టారు, అందులో కొంత మేం రెండోసారి కట్టాం. ఎవరి సొమ్మూ ఎవరూ తినలేదు. ఈ ముక్క నేను చెబితే ఎక్కలేదు. ఎలక్ట్రీషియన్ ఆ పంచాంగం అట్ట తీసుకెళ్లి, "ఆయ్, మీది కరెక్టేనండి, ఆవిడదీ కరెక్టేనండి" అని మొదలుపెట్టి మళ్లీ కూడి చూపిస్తే అప్పుడు ఎక్కింది.

ముడి అటక మీద దొరికింది. గోడ లేచినప్పుడు ఫేజులు విడదీశారు. దూలం పక్కన చెక్క పెట్టెలో నల్ల వైర్లన్నీ కలిపి మెలిపెట్టి, పైన గుడ్డ టేపు చుట్టి వదిలేశారు. టేపు ఎండి తాటాకులా అయిపోయింది. న్యూట్రళ్లు వేరు చేసి, మా వైపు కొత్త వైరు లాగి, రెండు వాటాలకీ ఆర్‌సీసీబీలు, అంటే ఫేజుకీ న్యూట్రల్‌కీ తేడా వస్తే కరెంట్ ఆపేసే స్విచ్చులు పెట్టించాం. అలాంటిది మొదటి నుంచీ ఉండుంటే న్యూట్రల్ కలిసిన మొదటి రోజే ట్రిప్ అయి కూర్చునేదట. ఖర్చు ఐదు వేల లోపే అయింది, చెరి సగం. తర్వాతి నెల మా బిల్లు 146 యూనిట్లు.

ఈ పని అయ్యాక కుదురుగా కూర్చుని గంటల రేటు లెక్క వేశాను. నెలకి 150 యూనిట్లనుకుంటే ఎనర్జీ చార్జీ 567, సగటున యూనిట్ 3.78. మా ఇంట్లో పగటికి మార్చగలిగినవి ఏంటని చూస్తే మోటరు, వాషింగ్ మెషీన్, గ్రైండర్, ఇస్త్రీ పెట్టె. అన్నీ కలిపి 15 యూనిట్లు. ఫ్యాన్ మధ్యాహ్నం వేసి రాత్రి ఆపుకోలేం కదా, మా వైపు ఉక్కలో. ఆ 15 యూనిట్లనీ పీక్ నుంచి ఎండపొద్దుకి మారిస్తే 10 శాతం తప్పుతుంది, 20 శాతం కలిసొస్తుంది. నెలకి 17 రూపాయలు. దీనికోసం అత్తయ్య తెల్లవారుజామున నాలుగింటికి వేసుకునే పిండి గ్రైండర్‌ని పదకొండింటికి మార్చమంటే ముందు నన్ను ఇంట్లోంచి మార్చేస్తారు. అటక మీద ముడికి మేం నెలకి కట్టింది 160 యూనిట్లు, 1,166 రూపాయలు. చిన్నమావయ్య గారింట్లోలా ఏసీ ఉన్నవాళ్లకి లెక్క వేరుగా ఉంటుంది. వాళ్లకి పీక్ తొమ్మిదికి ముగుస్తుందా పదికా అన్నదే పెద్ద ప్రశ్న. మా ఎలక్ట్రీషియన్‌కైతే ఇదంతా వేళాకోళం. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది రాత్రిళ్లు, తెల్లవారుజామునే. కరెంట్ చవకని ఏరేటర్ మధ్యాహ్నం వేస్తే రొయ్య ఊరుకుంటుందా అంటాడు.

నాకు కోపం తెప్పించింది ఇంకోటి. ఆ ఎర్త్ గుర్తు వచ్చేలా ఫేజుకీ న్యూట్రల్‌కీ తేడా వచ్చిన ప్రతిసారీ స్మార్ట్ మీటర్ దాన్ని టైముతో సహా రాసుకుంటుంది, సర్వర్‌కీ పంపుతుంది. అంటే పెట్టిన మొదటి వారం నుంచీ మా మీటర్ "ఇక్కడ ఫేజూ న్యూట్రలూ సరిపోవడం లేదు" అని మొత్తుకుంటూనే ఉంది. దొంగల్ని పట్టడానికి పెట్టిన గంట అది. మోగింది, ఎవరూ చూడలేదు. నేను కౌంటర్ దగ్గర నిలబడి అడిగినప్పుడైనా ఆ జాబితా తెరిచి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. దాని బదులు ఇంకో మీటర్ పెట్టి మూడు నెలలు చూశారు.

ఎక్కువ పడ్డ యూనిట్ల సంగతి అడిగితే, మీటర్ తర్వాత వైరింగ్ వినియోగదారుడి బాధ్యత అని జవాబిచ్చారు. అది ఒప్పుకుంటాను. కానీ ఒకే యూనిట్‌కి రెండు మీటర్ల మీద డబ్బు వసూలైంది, అది మీ రికార్డులోనే ఉంది కదా అన్నది నా వాదన. రెండు బిల్లులూ, అరగంట గీతల ప్రింట్లూ, ఎలక్ట్రీషియన్ సంతకం చేసిన ఆ అట్ట జిరాక్సూ జతచేసి విద్యుత్ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకి పెట్టాను. మా మీటర్ ఈవెంట్ల జాబితా ఇప్పించమని కూడా రాశాను. లాయరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద మనమే రాసుకోవచ్చు.

విచారణకి చిన్నమావయ్య గారు కూడా వస్తానన్నారు. మా మోటరు వేసినప్పుడల్లా వాళ్ల మీటర్లో కొన్ని యూనిట్లు పడుంటాయి కదా, అవి కూడా తేల్చమని అడుగుతారట.